రంగం ముసలమ్మ పేరు

హెలెన్ వాళ్ళ అయిదు తరాల కిందటి అవ్వకి పేరుంది. పేరొక్కటే కాదు, పుట్టిన తేదీ ఉంది, ఎక్కిన ఓడ పేరుంది, ఓడ దిగాక కొనుక్కున్న ఆవు పేరు కూడా ఉంది. నాకు ఒళ్ళు మండింది ఆ ఆవు దగ్గరే.

హెలెన్ మా బ్లాకులో పదకొండో అంతస్తులో ఉంటుంది. అమెరికాలో ఐడహో వాళ్ళది. భర్త ఉద్యోగం కోసం సింగపూర్ వచ్చి మూడేళ్ళయింది. వాళ్ళమ్మాయి గ్రేస్, మా తన్మయి ఒకే క్లాసు. మొదట్లో తన్మయి శనివారాలు హోంవర్కు చేసుకోవడానికని వాళ్ళింటికి వెళ్ళేది. రానురాను హోంవర్కు పక్కకి పోయింది, హెలెన్ చెప్పే కథలు మిగిలాయి. రాత్రి తన్మయి అన్నం ముందు కూర్చుని ఆ కథలన్నీ మాకు అప్పజెప్పేది. మా ఆయన పృథ్వీ నోరు తెరుచుకుని వినేవాడు. నేను గిన్నెలు కాస్త గట్టిగా సర్దేదాన్ని.

ఆ అవ్వ పేరు ఎలిజబెత్ హార్గ్రీవ్. ఇంగ్లండులో లాంకషైర్ అనే చోట, పదకొండేళ్ళకే నూలుమిల్లులో పనికి చేరిందట. అంటే మా తన్మయి ఈడుకి. పద్దెనిమిది వందల అరవై రెండులో పత్తి రాక మిల్లులు మూతపడితే మొగుణ్ణీ చంటిపిల్లనీ వెంటబెట్టుకుని లివర్‌పూల్లో ఓడెక్కింది. ఆరు వారాలు సముద్రం మీద. ఆ తరవాత ఎడ్లబండి వెనక నాలుగు నెలలు నడక. బండి నిండా సామానే కాబట్టి మనుషులు నడవాల్సిందే. దారిలో ఒక ఏటి ఒడ్డున ఎనిమిది నెలల పిల్ల జ్వరంతో పోతే, నక్కలు తవ్వకుండా పైన రాళ్ళు పేర్చి, మర్నాడు పొద్దున్నే మళ్ళీ నడిచింది. ఐడహో చేరి గుట్టని తొలిచి గుహలాంటి ఇల్లు చేసుకుంది. మొగుడు చెట్టు మీదపడి పోయాక మంత్రసానిగా బతికి, రెండువందలమందికి పురుడు పోసింది. ఇదంతా ఆవిడే రాసుకుంది. మనవలు ఎర్ర అట్ట వేసి అచ్చు వేయించారు.

మంచి కథే. నేనెక్కడ కాదన్నాను? కానీ మా పిల్ల ఆ పుస్తకాన్ని గుండెలకి హత్తుకుని లిఫ్టులోంచి దిగుతుంటే నాకు కడుపులో రగిలేది. అసూయే. ఇంకో పేరు పెట్టి బుకాయించను.

హెలెన్ మంచిది కావడం ఇంకా కష్టంగా ఉండేది. చెడ్డదైతే హాయిగా తిట్టుకుందును.

మార్చిలో మా కాండో అపార్టుమెంట్లవాళ్ళు ఫంక్షన్ రూములో ఒక సాయంత్రం ఏర్పాటు చేశారు. పిల్లలు తమ వంశంలో ఒక స్త్రీ గురించి చెప్పాలి, అట్ట మీద బొమ్మలు అతికించి చూపించాలి. ఎవరి ఆలోచనో చెప్పనక్కర్లేదు.

"అమ్మా, నేను ఎలిజబెత్ గురించి చెప్పనా? గ్రేస్ వాళ్ళ డాడ్ సైడ్ గ్రాండ్‌మా గురించి చెప్తోంది. హెలెన్ ఆంటీ ఓకే అంది," అంది తన్మయి.

"మనవాళ్ళ గురించి చెప్పొచ్చుగా."

"మనకెవరున్నారమ్మా? నోబడీ లా," అంది, ఇక్కడి పిల్లలందరిలాగే మాట చివర 'లా' తగిలించి.

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నా నోరు నా మాట వినలేదు.

"ఎందుకు లేరు? మా తాత వాళ్ళమ్మ ఉంది. రాజ్యలక్ష్మీదేవి. జమీందారు కూతురు. ఒంటరిగా ఓడెక్కి రంగూన్ వెళ్ళి ఆడపిల్లలకి బడి పెట్టింది. డైరీ కూడా రాసింది."

పిల్ల కళ్ళు ఇంతయ్యాయి. పృథ్వీ నా వంక ఒకసారి చూసి మజ్జిగ పోసుకున్నాడు. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆ రాజ్యలక్ష్మి పేరు అతను విననే లేదు మరి.

మా తాత వాళ్ళమ్మ గురించి నాకు తెలిసిందల్లా ఒక్క ముక్క. ఇంట్లో అందరూ ఆవిణ్ణి రంగం ముసలమ్మ అనేవాళ్ళు. మా అనకాపల్లి వైపు పాతవాళ్ళు రంగూన్‌ని రంగం అంటారు. అక్కడికి కూలికి వెళ్ళి వచ్చిందని విన్నాను. కూలి అన్న మాట తగిలాక నేను ఇంకేమీ అడగలేదు. పేరు కూడా తెలీదు. ఒకటి రెండుసార్లు అడిగితే మా నాయనమ్మ "రంగం ముసలమ్మేలే" అని ఊరుకుంది.

పేర్ల విషయంలో నాకు ఇంకో గొడవ ఉంది. పాస్‌పోర్టులో నా పేరు నూకాలమ్మ. మా ఊరి అమ్మవారికి మొక్కుకుని పెట్టారనుకునేదాన్ని. ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, బుల్లి అనేవారు. ఇక్కడికి వచ్చాక నూపుర అని చెప్పుకున్నాను. రాఫెల్స్ ప్లేస్‌లో మా బ్యాంకులో మెడలో కార్డు తిరగేసి వేసుకుంటాను. హెలెన్‌కి కూడా నేను నూపురనే.

రాజ్యలక్ష్మీదేవి మా ఇంట్లో రోజురోజుకీ పెరిగింది. వారం తిరిగేసరికి ఆవిడకి వీణ వచ్చింది, గుర్రపుస్వారీ వచ్చింది. తన్మయి అట్ట మీద పెద్ద అక్షరాలతో ఆ పేరు రాసి చుట్టూ బంగారు రంగు కాగితం అతికించింది. శనివారం పదకొండో అంతస్తుకి వెళ్ళలేదు, నా పక్కనే కూర్చుని ప్రశ్నలడిగింది. ఎంత సుఖంగా ఉందో చెప్పలేను. అబద్ధమని తెలిసీ సుఖంగానే ఉంది.

ఆ మంగళవారం హెలెన్ మా తలుపు తట్టింది. చేతిలో నోట్‌బుక్. ఆవిడ పద్ధతే అంత, కాగితం చూడందే ఏదీ నమ్మదు. తన సొంత అవ్వ రాసిన ఊరు కూడా పాత పటాల్లో వెతికి ఖాయం చేసుకున్న మనిషి. తన్మయి సంతోషం చూసి రంగూన్ ఓడల జాబితాలు వెతికిందట, రాజ్యలక్ష్మీదేవి దొరకలేదట. ఏ ఊరు, ఏ సంవత్సరం, ఇంటిపేరేమిటి చెబితే మళ్ళీ వెతుకుతానంది. ఆ ముఖంలో ఇసుమంత అనుమానం లేదు. అనుమానించినా బాగుండేది, పోట్లాడి పంపేసేదాన్ని.

"కనుక్కుని చెప్తాను," అన్నాను. మా పిల్ల అరవైమంది ముందు నిలబడి నా అబద్ధం చదవబోతోంది, ఇంకో నాలుగు రోజుల్లో. అది బయటపడితే తను ఇక నా మాటే కాదు, మా వెనకటి తరాలవాళ్ళ కథ ఏదీ నమ్మదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనం వేళ ఆఫీసు బయట మెట్ల మీద కూర్చుని గాజువాకలో ఉన్న మా సుమలత అత్తకి ఫోన్ చేశాను. మా నాన్న చెల్లెలు. మా వైపు మిగిలిన పెద్దదిక్కు ఆవిడే.

"అత్తా, రంగం ముసలమ్మ అసలు పేరేమిటి?"



"ఏటే బుల్లీ, ఎగతాళేటి?"

"కాదత్తా. నిజంగా తెలీదు."

"నీ పేరేటి?"

"నా పేరెందుకిప్పుడు?"

"సెప్పవే ముందు."

చుట్టూ అన్నం డబ్బాలు పట్టుకుని జనం. గొంతు తగ్గించి, "నూకాలమ్మ," అన్నాను.

"అదే. ఆ ముసిల్ది పోయిన మరుసటేడు నువ్వు పుట్టినావు. తనమ్మ పేరు పోకూడదని మా అయ్య, మీ తాత, పట్టుబట్టి నీకెట్టినాడు. మాయమ్మకి, అదే మీ నాయనమ్మకి, అత్తపేరు నోటంట రాకూడదు గదా, అందుకే నిన్ను బుల్లీ బుల్లీ అనీది. మాయమ్మ ఇంట్లో ఉండగా మేం మాత్రం ఎలా పిలుస్తామే?"

ఒక సంగతి గుర్తొచ్చింది. నాకు ఆరేళ్ళప్పుడు ఇంటి స్థలం పట్టా చూసే గుమాస్తా వచ్చాడు. పట్టా ఎవరి పేరున ఉందమ్మా అని నాయనమ్మని అడిగితే, ఆవిడ నన్ను ముందుకి తోసి "నీ పేరు సెప్పవే" అంది. నేను చెప్పాను. అతను రాసుకున్నాడు. ఆ స్థలం నాదేనని నేను వీధంతా చెప్పుకున్నాను. ఆవిడ నా నోటితో అత్తపేరు చెప్పించిందని ముప్పై అయిదేళ్ళకి తెలిసింది.

అత్త చెబుతూనే ఉంది. ముసలమ్మ మొగుడితో రంగం వెళ్ళి ధాన్యం మిల్లులో బస్తాలు మోసిందట. నలభై రెండు యుద్ధంలో జపాన్‌వాళ్ళ బాంబులు పడి మొగుడు రేవులోనే పోయాడు. ఓడలు దొరకలేదు. ఆడపిల్లనీ, ఆరేళ్ళ మా తాతనీ తీసుకుని జనంతో పాటు కొండలు ఎక్కి దిగి, వారాల తరబడి నడిచింది.

"తోవలో పిల్లకి వాంతులై పోనాది. సేత్తోనే మట్టి తవ్వి పెట్టీసి, మా అయ్యని బుజానేసుకుని మళ్ళీ నడిసినాదట. ముసిల్ది నాతో ఒక్కసారే సెప్పినాది. 'నడవాపోతే ఈడు కూడా పోతాడే' అని."

అన్నం డబ్బా మూత తియ్యలేదు. హెలెన్ అవ్వ పేర్చిన రాళ్ళు గుర్తొచ్చాయి. మా ముసలమ్మకి రాళ్ళు పేర్చేంత తీరిక దొరికిందో లేదో అత్తకి తెలీదు. ఏడుపొచ్చింది. దాని వెనకే సిగ్గు. వీణలూ గుర్రాలూ తగిలించి నేను పక్కకి నెట్టేసింది ఈవిణ్ణి.

ఆ సాయంత్రం తన్మయిని కూర్చోబెట్టి అంతా చెప్పాను, అబద్ధంతో సహా. కోప్పడుతుందనుకున్నాను. చాలాసేపు బంగారు కాగితం గీకుతూ కూర్చుంది.

"సో, ఎలిజబెత్ లాగే నడిచిందా?"

"అవును."

"మరి ఎందుకు మార్చావు?"

"ఎలిజబెత్‌ని చూసి కుళ్ళుకున్నాను. కూలి అని చెప్పడానికి సిగ్గేసింది. ఆ పేరు కూడా నచ్చలేదు."

"బట్ అది నీ పేరు కదా."



శనివారం ఫంక్షన్ రూము నిండిపోయింది. గ్రేస్ అయ్యాక తన్మయి లేచింది. అట్ట మీద రాజ్యలక్ష్మీదేవి పేరు అలాగే ఉంది, మార్చలేదు. ముందు వరసలో హెలెన్ నోట్‌బుక్ తెరిచి కూర్చుంది.

తన్మయి ఇంగ్లీషులో చెప్పింది. మిల్లు, బాంబులు, కొండలు, మట్టిలో పెట్టిన పాప, భుజం మీద ఆరేళ్ళ అబ్బాయి. అక్కడ ఆగి, ఈ అట్ట మీద పేరు తప్పు అంది. ఆవిడ కోడలు ఆ పేరు పలకకూడదు కాబట్టి ఇంట్లో ఒక పాప చేత చెప్పించిందని, ఆ పాప ఇక్కడే ఉందని అంది. తరవాత నా వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"అమ్మా, నీ పేరు చెప్పు."

లేచి నిలబడ్డాను.

"నూకాలమ్మ," అన్నాను. సరిగ్గా వినపడలేదేమోనని ఇంకోసారి, గట్టిగా.

హెలెన్ చటుక్కున తలెత్తింది. మూడేళ్ళుగా తను నూపుర అని పిలిచిన మనిషి వంక వింతగా చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు, ఎర్ర అట్ట పుస్తకాన్ని నేను అలాగే చూసేదాన్ని. కాసేపటికి కలం తీసుకుని, ఆ పేరు ఎలా రాయాలో చెప్పమంది. ఒక్కో అక్షరం చెప్పాను.

తన్మయి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. అందరూ చప్పట్లు కొడుతున్నా మూతి ముడుచుకునే ఉంది.

"ఏమైందే? బాగా చెప్పావుగా."

"నాట్ ఫెయిర్ లా," అంది నా వైపు చూడకుండా. "ఆ పేరు నాకెందుకు పెట్టలేదు?"