మోటారుకు చెవి ఒగ్గిన రోజు

తండ్రి పోయిన రోజు ఉదయం టీచరమ్మ ఎనిమిదో తరగతి బోర్డు మీద 'హియర్', 'లిజన్' అని రాసి, "ఒకటి చెవిన పడటం, ఇంకోటి చెవి ఒగ్గడం" అని చెబుతోంది. ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. సుద్దముక్క బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

పదిహేను రోజుల తర్వాత తిరిగి వచ్చేసరికి పాఠం అక్కడే ఆగి ఉంది.

"రెండూ వినడమే కదా మేడమ్?" అంది చివరి బెంచీ వాగుడుకాయ. "మా అమ్మ వంద కేకలేస్తుంది. అన్నీ వినపడతాయి. లేచేది మాత్రం వీపు మోగాకే!"

తరగతి గొల్లుమంది.

"కేక నీ చెవిన పడింది. నువ్వు చెవి ఒగ్గలేదు," అన్న టీచరమ్మ, ఆ మాట తనకే తగిలి ఆగిపోయింది. ఆమె తండ్రి ఈ బడిలోనే నీళ్ల మోటారు చూసుకునే మెకానిక్కు. ఇంటికొచ్చి "ఇవాళ అది ఎలా పాడిందో తెలుసా అమ్మా" అని మొదలుపెడితే, దిద్దుతున్న పుస్తకం మీంచి తలెత్తకుండా "వింటున్నా నాన్నా" అనేది. ఇరవై ఏళ్లు అలాగే అంది.

మధ్యాహ్నం అటెండరు బాబాయి వచ్చాడు. "కొత్త మెకానిక్కు మోటారు పని అయిపోయిందన్నాడమ్మా. సోమవారం తుక్కు లారీ వస్తుందంట. మీ నాన్నైతే స్క్రూడ్రైవరు చెవికి ఆనించి రోగం చెప్పేసేవాడు. మన చెవులెందుకు, కళ్లజోడు తగిలించుకోడానికి తప్ప!"

ఒక్కసారైనా వినకుండానే అది తుక్కులోకి పోతుందనేసరికి ఆమె లేచింది. పిల్లల్ని వెంటబెట్టుకుని పంపు గదికి వెళ్లింది. గూట్లో ఉన్న తండ్రి స్క్రూడ్రైవరు తీసి, కొనను ఇంకా తిరుగుతున్న మోటారుకు ఆనించి, పిడిని చెవికి చేర్చింది.

అప్పటిదాకా ఒకటే హోరు. ఇప్పుడా హోరు విచ్చుకుంది. అడుగున నీరు ఎగబాకుతున్న గరగర. దాని పైన బేరింగుల్లో ఇనుప గుండ్లు వరసగా దొర్లుతున్న సవ్వడి. అన్నిటికీ పైన, మోటారు ఫ్యాను రెక్కలు గాలిని కోస్తున్న సన్నటి ఈల. ఊపిరి వదిలితే చెదిరిపోతుందేమోనని బిగబట్టింది. పాడిందని ఆయనన్నది మాటవరసకు కాదు.

పిల్లలు వరసలో ఒక్కొక్కరే విన్నారు. ఎవరూ తోసుకోలేదు. వాగుడుకాయ అందరికంటే ఎక్కువసేపు, నోరు మెదపకుండా, మోటారుకు రెండు వైపులా ఆనించి విన్నది.

"మేడమ్, పంపు వైపు కుంటుతోంది. ఇటు బాగానే ఉంది."

"కుంటడమేంటే?"

"నాలుగడుగులేసి తడబడుతోంది. మీరే వినండి."

టీచరమ్మ మళ్లీ వంగింది. నిజమే, అటువైపు గుండ్ల సవ్వడే తడబడుతోంది. వెళ్లి హెడ్మాస్టరుగారికి చెప్పింది.

"ఒక్క బేరింగే పోయిందా? మీకెలా తెలుసమ్మా?" అన్నారు హెడ్మాస్టరుగారు.

"విన్నాం సార్."

ఆయన ఫోన్ చేసి లారీని ఆపించారు.

మోటారు పాతది. మూడు దుకాణాలు తిరిగినా ఆ కొలత బేరింగు దొరకలేదు. తాము విన్నది సరిగ్గా విన్నామో లేదో చెప్పే మనిషి లేడు. బేరింగు మారిస్తేనే తేలుతుంది. అది ఇంకా మార్చలేదు.