కందకం అవతలి అంచు

వాల్టర్ టకెట్‌కి పట్టిన పీడ పేరు రూపర్ట్ చాలనర్. లండన్ నుంచి వచ్చి పక్కనే ఉన్న పాత పాదిరి బంగళా కొన్నాడు. మూడేళ్ళు నవ్వుతూ చెయ్యి ఊపాడు. నాలుగో ఏట, వాల్టర్ కంచె వెంట ఉన్న కందకాన్ని పూడ్చేసి అందులో గులాబీలు నాటాడు.

వాల్టర్ పదిహేనో ఏట బడి మానేసి కంచెలు కట్టే పనిలో పడ్డాడు. ముళ్ళపొదల కాండాల్ని సగం నరికి, పక్కకి వంచి, గుంజల మధ్య అల్లే పని. నిద్రలో లేపి అడిగినా ఒక్క సంగతి మాత్రం చెబుతాడు. కందకం తవ్వినవాడు మట్టి తన వైపే పోసుకుంటాడు, ఆ గట్టు మీదే కంచె పెంచుతాడు. కంచె ఎవరిదో కందకమూ వాడిదే, అవతలి అంచు దాకా.

ఇంత తెలిసినవాడు ఏం చేశాడు? చాలనర్ పనివాళ్ళు కందకం మొత్తం అటు పోయేలా తన కంచెని ఆనుకుని కొయ్యదడి పాతుతుంటే వాళ్ళకి టీ పట్టుకెళ్ళాడు. వాన పడుతోంది. తడుస్తూ పనిచేసే మనుషుల్ని అడ్డగించడం మర్యాద కాదనిపించింది. రేపు చెబుదామనుకున్నాడు. మర్నాడు చాలనర్ భార్య కేకు పంపింది. కేకు తిన్న నోటితో ఏం అడుగుతాడు? మూడు నెలలు గడిచిపోయాయి.

చివరికి ఒక శనివారం మధ్యాహ్నం పబ్బులో, అందరి ముందూ, చాలనర్‌ని దొంగ అనేశాడు. ఊరంతా బీరు గ్లాసుల్లోకి తలలు దించుకుంది.

మరుసటి శనివారం చాలనర్ అక్కడికే వచ్చాడు.

“దడి మీ కళ్ళముందే వేశాం కదండీ. టీ మీరే పోశారు. బిస్కెట్లు కూడా తెచ్చారు.”

“టీ పోస్తే భూమి ఇచ్చినట్టా? ఈ డోరిన్ నాకు ముప్ఫై ఏళ్ళుగా బీరు పోస్తోంది, అయితే పబ్బు నాదేనా?”

“వచ్చి గ్లాసులు కడుగు, ఆలోచిస్తా,” అంది కౌంటరు వెనక నుంచి డోరిన్.

చాలనర్ నవ్వలేదు. “కోర్టులెందుకు? దొంగ అన్నచోటే, వీళ్ళందరి ముందూ, సారీ అనండి. సోమవారం పొద్దున్నే దడి వెనక్కి జరిపిస్తాను.”

డోరిన్ ముందుకి వంగి గొంతు తగ్గించింది. “ఒక్క మాటేగా నాయనా! నీ కాలు తొక్కినవాడికీ నువ్వే సారీ చెబుతావు. మొన్న తలుపుకి గుద్దుకుని తలుపుకే చెప్పావు.”

నిజమే. యాభై నాలుగేళ్ళుగా అలవాటైన మాట, నోటిదాకా వచ్చింది కూడా. వాల్టర్ గ్లాసు కింద పెట్టాడు.

“తలుపుకి చెబుతా. కుక్కకి చెబుతా. నా కందకంలో గులాబీలు నాటినవాడికి మాత్రం చెప్పను. ఆ రోజు నేనిచ్చింది టీ. నిన్ను దొంగ అన్నాను, ఇదిగో మళ్ళీ అంటున్నా.”

“అయితే దడి అక్కడే ఉంటుంది.”

“ఉండనీ. నా కంచె కూడా ఉంటుంది.”

కోర్టుకెక్కే స్తోమత అతనికి లేదు. దడి ఇవాళ్టికీ కదల్లేదు. కానీ ఏటా చలికాలం కంచె పని ముగించాక, చాలనర్ కిటికీలోంచి చూస్తుండగానే వాల్టర్ ఆ దడి దాటి వెళ్ళి అవతలి అంచు దాకా టేపు పట్టి కొలుస్తాడు. బూటు కింద గులాబీ మొక్క విరిగినా సారీ అనడు. గజమున్నర వెడల్పు, నూట పన్నెండు గజాల పొడవు. మొత్తం నూట అరవై ఎనిమిది చదరపు గజాలు.