ఏడో తూము రేకు

పదో తూము రేకు కూడా తగిలించాక గంగయ్య రెండడుగులు వెనక్కి వేసి బోర్డు వంక చూశాడు. చేతిలో కిరసనాయిలు గుడ్డ, జేబులో చీటీ. చీటీ తీసి చదివాడు. ఒకటి, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది పచ్చ. తక్కినవి ఎరుపు. బోర్డు చూశాడు, చీటీ చూశాడు. మళ్లీ బోర్డు, మళ్లీ చీటీ. ముచ్చటగా మూడోసారి కూడా చూసుకున్నాక గాని చీటీని మడిచి జేబులో పెట్టుకోలేదు.

బాన్సువాడ కాలువ ఆఫీసులో శనివారం పొద్దున ఈ తతంగం చూసి నవ్వుకోని గుమాస్తా లేడు. పది రేకులు తగిలించడానికి మనిషికి ఎంతసేపు పడుతుంది? గంగయ్యకు ముప్పావు గంట పడుతుంది. పెళ్లిచూపుల్లో పిల్లను కూడా ఇన్నిసార్లు చూసి ఉండడని వెనక అనుకునేవారు. అతను వినేవాడు, మారు పలికేవాడు కాదు.

గంగయ్య కాలువ మీద లస్కరు. తూముల తలుపులు ఎత్తడం, దించడం, గట్టుకు గండి పడితే ఆఫీసుకు కబురు చేయడం అతని పని. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పని. తూము చక్రం తిప్పి తిప్పి అరచేతులు కాయలు కాశాయి. కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి వాలింది. ఎండకు వెలిసిన ఖాకీ చొక్కా, మోకాళ్ల మీదికి మడిచిన ధోవతి, మెడలో తువ్వాలు. ఈ నెలాఖరుకు, అంటే ఎనభై అయిదు మార్చి ముప్పై ఒకటిన, అతను రిటైరవుతాడు.

వారం వారం ఏ తూముకు నీళ్లు వదులుతారో చెప్పేది ఈ బోర్డే. పది తూములకు పది మేకులు. నీళ్లొచ్చే తూముకు పచ్చ రేకు, రాని తూముకు ఎర్ర రేకు. వంతు ఆదివారం మొదలై మంగళవారంతో ముగుస్తుంది. కాలువ పక్కన ఇళ్లున్నవాళ్లకు బోర్డుతో పని లేదు, నీళ్ల చప్పుడు వింటే చాలు. దూరపు ఊళ్లవాళ్లే పొద్దున్నే నడిచి వచ్చి రేకు చూసుకుని, దాన్ని బట్టి పొలానికో కూలికో పోతారు.

చూడటానికి చిన్న బోర్డే గాని, దీనికున్న హంగులు జిల్లాలో ఏ బోర్డుకూ లేవు. హంగులన్నీ గంగయ్య అడిగి పెట్టించినవే. వచ్చిన ప్రతి ఆఫీసరు దగ్గరా చేతులు కట్టుకుని నిలబడి ఏదో ఒకటి అడిగేవాడు. మొదట రేకులు చిన్నగా ఉన్నాయని పళ్లెమంత చేయించాడు. తర్వాత చూపు ఆననివాళ్లు తడిమి తెలుసుకోవాలంటూ పచ్చవి గుండ్రంగా, ఎర్రవి చతురస్రంగా కోయించాడు. వానకు తడవకుండా పైన రేకుల చూరు వేయించాడు. ఆపైన తారీఖు బిళ్ల. ఆ మీదట, వంతు మారినప్పుడల్లా దూరపు ఊళ్లలో డప్పు చాటింపు. ఒక ఇంజనీరు మెచ్చుకుని జెండా పండగనాడు అందరి ముందూ దండ వేశాడు. దండ పడగానే గంగయ్య తల నేలకు వాల్చేశాడు. ఎంత వినయమో అనుకున్నారు. వినయం కాదు, సిగ్గు. మెడలో బంతిపూలు నిప్పుల్లా కాలాయి.

"రావయ్యా గంగయ్యా, నీ పండగొచ్చింది," అని పిలిచారు రామబ్రహ్మం గారు. ఆయన ఈ ఆఫీసుకు పెద్ద. కృష్ణా జిల్లా మనిషి, వేళాకోళం లేనిదే మంచినీళ్లు కూడా తాగరు. బల్ల మీద పై ఆఫీసు కాగితం ఉంది. "నోటీసు బోర్డులు ఇంకా బాగుండాలంటే ఏం చెయ్యాలో సిబ్బందిని అడిగి రాయమన్నారు. నిన్ను కాక ఎవర్ని అడుగుతానయ్యా? వెళ్లిపోయే ముందు ఈసారి బోర్డుకి ఏం తొడిగిద్దామంటావ్? గొలుసా, వడ్డాణమా?"

గంగయ్య నవ్వలేదు. "ఒక్కటే ఉన్నది సార్. రేకు మార్చినోని పేరు రేకు కింద రాయాలె. ఏ తారీఖున మార్చిండో, ఎన్ని గంటలకు మార్చిండో గది గుడ రాయాలె."

"మార్చేది నువ్వే కదయ్యా!"

"నా తర్వాత ఇంకొకలు వస్తరు గద సార్."

"అదీ నిజమే. నీలమ్మకు చెప్పు, రాస్తుంది."

నీల కొత్తగా చేరిన గుమాస్తా. కాగితం మీద గళ్లు గీసి ఉన్నాయి. సూచన అన్న గడిలో గంగయ్య చెప్పింది చక్కగా రాసి, పక్క గడి మీద కలం ఆపింది.

"కాకా, ఎందుకు అని అడుగుతుండ్రు. కారణం ఏం రాయాలె?"

గంగయ్య ఇన్నేళ్లుగా ఇన్ని అడిగాడు, ఎందుకని అడిగినవాడు లేడు. "గది జరసేపు ఆగి చెప్త బిడ్డా," అని బయటికి వచ్చేశాడు.

కారణం పేరు సమ్మవ్వ. ఏడో తూము కింద, కాలువ చిట్టచివర ఎకరం పొలం ఆమెది. ఉండేది నాలుగు మైళ్ల దూరాన. డెబ్బై రెండులో వానలు ఎగ్గొట్టాయి. డెబ్బై మూడు ఫిబ్రవరిలో యాసంగి వరి పొట్ట మీదుంది, చెరువుల్లో చుక్క లేదు, కాలువ వంతే గతి. అప్పటి ఓవర్సీరు శుక్రవారం సాయంత్రం చీటీ రాసిచ్చాడు. ఆ వారం సరి సంఖ్యల వంతు. గంగయ్య చీటీ విప్పలేదు. ఒక వారం బేసి, ఒక వారం సరి, ఇందులో చూసేదేముందని అలవాటుగా తగిలించేశాడు. ఏడుకు ఎర్ర రేకు పడింది.

మంగళవారం రాత్రి చొక్కా విప్పుతుంటే చీటీ జారి పడింది. గట్టు మరమ్మతు వల్ల గత వారం ఏడో తూముకు నీళ్లు సగమే అందాయని, ఈ వారం దాన్ని కూడా కలిపి రాశాడు ఓవర్సీరు. తాను సెలవులో ఉన్న ఆదివారం ఓవర్సీరు చెప్పినట్టే వేరే లస్కరు తూము ఎత్తాడు, నీళ్లు వచ్చాయి, పోయాయి. గంగయ్య తెల్లవారకముందే వెళ్లి ఎర్రది తీసి పచ్చది పెట్టాడు. అంతవరకూ తప్పే. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేదే కాదు.

సమ్మవ్వ ఎర్ర రేకు చూసి ఎటూ నీళ్లు లేవు కదా అని పిట్లం వైపు కూలికి పోయింది. గురువారం వచ్చి చూస్తే అందరి మళ్లూ తడిసి ఉన్నాయి, తన మడి బీటలు వారింది. ఏడుస్తూ ఆఫీసుకు వచ్చింది. "ఎర్రగ ఉండె సారూ, నా కండ్లతోని చూసిన," అంది. ఓవర్సీరు గంగయ్య వైపు తిరిగాడు. గంగయ్య బోర్డు వంక చూస్తూ అన్నాడు: "పచ్చదే ఉండె సార్. ఆమెకు చూపు ఆనలేదేమో."

ఒక్క మాట. దానితో అతని కొలువు నిలిచింది. ఆమె పంట తాలు పోయింది. పంట పోతే మరుసటి ఏటికి మళ్లీ పండుతుంది. సమ్మవ్వ ఆ మాటను నమ్మింది, అదీ అసలు ఘోరం. చదువుకున్న సార్లు, లస్కరు, అందరూ ఒక్కటే మాట చెబితే తన కళ్లే మోసం చేశాయనుకుంది. ఆ రోజు నుంచి ఏది చూసినా పక్కవాళ్లను అడగనిదే నమ్మేది కాదు. బొంతలు కుట్టడంలో ఆమెకున్న పనితనం ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు, అది కూడా మానేసింది. శనివారం శనివారం బోర్డు ముందు నిలబడి, "తమ్మీ, ఏడుకు ఏమున్నది?" అని అడిగేది. గట్టు మీద నడవడానికి భయమేస్తోందంటే, గంగయ్యే మంచి వెదురు కోసి, కణుపులు చెక్కి, కొనకు ఇనుప పొన్ను వేసి చేతికర్ర చేసిచ్చాడు. నీ కడుపు చల్లగుండ అని దీవించింది. ఆ దీవెనకు చచ్చిపోదామన్నంత సిగ్గేసింది. అయినా నిజం చెప్పలేదు. చెప్పలేని ప్రతిసారీ బోర్డుకు ఒక కొత్త హంగు అడిగాడు.

పదకొండు గంటలకు సమ్మవ్వ వచ్చింది. మనిషి చిక్కిపోయింది గాని నిటారుగానే ఉంది. నెత్తి మీద పెద్ద మూట. దాన్ని అరుగు మీద దించి, కర్ర పట్టుకుని బోర్డు ముందు నిలబడింది.

"తమ్మీ, ఏడుకు ఏమున్నది?" అని, తానే నవ్వింది. "ఇగ నాకెందుకు గని, అలవాటైపోయింది. పొలం మా మరిది కొడుకు చేసుకుంటడట. నేను మద్నూరుల బిడ్డ ఇంటికి పోతున్న. కండ్లు లేని ముసలిదాన్ని ఒక్కదాన్ని ఎట్లుంచాలె అని బిడ్డ ఒకటే ఫికరు చేస్తుంది. నీకు చెప్పి పోదామని వచ్చిన. గీ కట్టె పట్టుకున్నప్పుడల్లా నిన్నే యాది చేస్త."

మద్నూరు బస్సు పన్నెండున్నరకు. ఆ తర్వాత ఆమె ఈ బోర్డు ముందుకు రాదు. చెప్పకుండా ఊరుకుంటే ఇక జన్మలో ఎవరికీ తెలియదు. గంగయ్యకు ఆ ఆశ కూడా కలిగింది, కలిగినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"అక్కా, నీ కండ్లకేం కాలే."

"అంటే?"

"గా కరువు ఏడాది... ఎర్రగనే ఉండె. నేనే తప్పు పెట్టిన. చీటీ చూడలే. బుధవారం పొద్దుగాల పచ్చది మార్చిన. సారు అడిగితే అబద్ధం చెప్పిన. నువ్వు చూసింది నిజమే అక్కా."

సమ్మవ్వ ఒక అడుగు దగ్గరికి వేసింది. "మల్ల చెప్పు," అంది.

మళ్లీ చెప్పాడు. మొదటిసారి కంటే రెండోసారి చెప్పడమే కష్టమైంది.

ఆమె కర్రను గోడకు ఆనించింది. గేటు వైపు వెళ్లి వెనక్కి తిరిగింది. "ఒకటి పచ్చ, రెండు ఎర్ర, మూడు పచ్చ," అని పది దాకా చదివింది. గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లి మళ్లీ చదివింది. ఎడ్ల బండి ఒకటి అడ్డం వస్తే అది పోయేదాకా ఆగి, రోడ్డవతల సైకిలు దుకాణం చూరు కిందికి వెళ్లి అక్కణ్ణుంచి చదివింది. ఒక్కటి కూడా తప్పు పోలేదు. నీల కిటికీలోంచి చూస్తోంది. గంగయ్య తల ఎత్తలేకపోయాడు.

తిరిగి వచ్చి, మూట దగ్గర నిలబడింది.

"అయిదో రేకుకు కింద మూలకు రంగు లేచిపోయింది, చూడలేదా?"

పొద్దున మూడుసార్లు చూసుకున్నాడు, అయినా అది కంటపడలేదు.

"నా బిడ్డ పెండ్లికి బొంత కుట్టలేదు తమ్మీ," అంది సమ్మవ్వ. "సూదిల దారం ఎక్కుతుండె. ఎక్కినా, ఎక్కలేదేమో అనుకుంట పక్కకు పెట్టిన. మనుమరాలు పుడితే, ఎవలి పోలికనో అందరినీ అడిగిన. నాకు కానొస్తనే ఉండె. నా పోలికే."

తిడుతుందనుకున్నాడు. మన్ను తీసి పోస్తుందనుకున్నాడు. తిడితే కాస్త ఊపిరి ఆడేది. ఆమె తిట్టలేదు. మూట ఎత్తబోతే సాయానికి చెయ్యి చాచాడు. ఆమె మూటను తన వైపుకు లాక్కుని, తానే నెత్తికెత్తుకుని బస్టాండు దారి పట్టింది. గుంతలూ రాళ్లూ చూసుకుంటూ, ఎవరినీ అడక్కుండా.

గంగయ్య లోపలికి వెళ్లి నీల బల్ల ముందు నిలబడ్డాడు. "రాయి బిడ్డా. డెబ్బై మూడుల ఏడో తూము రేకు లస్కరు గంగయ్య తప్పు పెట్టిండు. అడిగితే సమ్మవ్వకు కండ్లు కనబడయని అబద్ధం చెప్పిండు. పేరు, తారీఖు, గంట రాసి ఉంటే దొరుకుతుండె. అందుకు."

నీల కలం కింద పెట్టింది. "కాకా, గిది పై ఆఫీసుకు పోతది. రైతుల సౌలభ్యం కోసమని రాస్త. గంతే చాలు."

"వద్దు బిడ్డా. చెప్పింది చెప్పినట్టు రాయి."

రాసింది. గంగయ్య కింద వంకర టింకరగా సంతకం పెట్టాడు. రామబ్రహ్మం గారు కాగితం చదివారు, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. కింద తన సంతకం కూడా పెట్టారు. మద్నూరు బస్సు ఆఫీసు ముందునుంచే పోతుంది. హారను వినబడితే గంగయ్య గుమ్మం దాకా వచ్చాడు. కిటికీ పక్కన సమ్మవ్వ కనిపించింది. ఆమె బోర్డు వైపు చూస్తోంది. అతని వైపు చూడలేదు.

సాయంత్రం అతను పచ్చ రంగు డబ్బా, కుంచె తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్లాడు. అయిదో రేకు మూలను దిద్ది, సుద్దముక్కతో ఏడో రేకు కింద తన పేరు రాసుకున్నాడు. సుద్ద కింద పెట్టడానికి వంగినప్పుడు కనబడింది. ఏడో మేకు కింద గోడకు ఆనించి వెదురు కర్ర, ఇన్నేళ్లూ ఆమె చెయ్యి పట్టిన చోట నునుపెక్కి, పెట్టినది పెట్టినట్టే ఉంది.