దావీదు బల్ల

అనుమానపడటమే సుందర్‌రాజు ఉద్యోగం. మాటవరసకు అంటున్నది కాదు, నిజంగానే ఆయనకు జీతం అందుకే ఇచ్చేవారు. పటాన్‌చెరులో వాల్వులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ సెక్షన్ ఆయనది. మిషన్ల మీద నుంచి వచ్చిన ప్రతి వాల్వునూ తిప్పి చూడాలి, కొలవాలి, నచ్చకపోతే ఎర్ర సుద్దతో అడ్డంగా గీత పెట్టి పక్కన పడెయ్యాలి. ఏడేళ్ళుగా అదే పని. సుద్దముక్క జేబులో ఉన్నట్టే ఆ బుద్ధి కూడా సాయంత్రం సంగారెడ్డిలోని ఇంటిదాకా వచ్చేది. సంతలో వంకాయను ఎండకు పెట్టి చూసేవాడు. పాలుపోసే మల్లవ్వ ఆయన వాకిట్లో ఉంటే దూరం నుంచే వెనక్కి తిరిగిపోయేది, ఆయన డ్యూటీకి పోయాక వచ్చి పాలు పోసేది.

అలాంటి మనిషికి పాత డీజిల్ కారు కొనే అవసరం పడింది.

కారు ఆయన సోకు కోసం కాదు, భార్య జయశీల కోసం. ఆమె నర్సు. ఏడాది కింద వానాకాలంలో జారిపడి తుంటి విరిగింది. ఎముక అతుక్కుంది గానీ ఎడమ కాలు జానెడు కంటే పైకి లేవదు. ఇంట్లో కూర్చుని కూర్చుని ఆమెకు పిచ్చెక్కినంత పనైంది. అట్లాంటప్పుడు పటాన్‌చెరులో కార్మికుల దవాఖాన నుంచి ఉద్యోగపు ఆర్డరు వచ్చింది. సెప్టెంబరు ఏడు, బుధవారం నాడు చేరాలి. చేరకపోతే వేరేవాళ్ళను తీసుకుంటారు. పటాన్‌చెరులో కిరాయికి ఇల్లు వెతికారు, ఫ్యాక్టరీల వాళ్ళు ఒక్క గది కూడా మిగల్చలేదు. సుందర్‌రాజు పోయే కంపెనీ బస్సు స్టాఫుకు మాత్రమే. ఇక ఎర్ర బస్సు. దాని మెట్టు రెండు జానల ఎత్తు, ఆమె ఎక్కలేదు.

"ఓ చిన్న పీట చేయించుకుందాం. మెట్టు కింద పెడితే ఎక్కుత" అంది జయశీల ఒకసారి.

"పీట చంకల పెట్టుకొని బస్టాండ్ల నిలబడాల్నా నేను? నలుగురు నవ్వరా?" అన్నాడు సుందర్‌రాజు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

అప్పుడే తెలిసింది, దావీదు తన బండి అమ్ముతున్నాడని. దావీదు వాళ్ళ చర్చి సంఘం మనిషే, అరవై ఏళ్ళవాడు. ఆయన అంబాసిడర్‌లో పెట్రోలు ఇంజను తీసేసి డీజిల్ ఇంజను పెట్టించి ఆరేళ్ళుగా టాక్సీ నడుపుతున్నాడు. పెట్రోలు ధర మండిపోయాక అందరూ ఆ డీజిల్ బండి వంక ఆశగా చూసినవాళ్ళే. చప్పుడు మాత్రం పిండిగిర్నీ చప్పుడే. ఆదివారం అది చర్చి పక్క నుంచి పోతుంటే పాస్టరు అయ్యగారు ప్రసంగం ఆపి, పోయేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెట్టేవారు. సుందర్‌రాజుకు ఫ్యాక్టరీ జీపు నడిపిన అలవాటుంది, లైసెన్సు ఉంది. పొద్దున భార్యను దవాఖాన దగ్గర దింపి తాను డ్యూటీకి పోవచ్చు. ఇంతకంటే ఏం కావాలి?

అయినా మొదటిరోజు చూడటానికి పోయినప్పుడు జేబులో అయస్కాంతం వేసుకుని పోయాడు.

"ఎందుకమ్ముతున్నవే దావీదన్నా?"

"సీకటి పడితే కండ్లు ఆనుతలేవు తమ్మీ. ఎవరినన్న గుద్దకముందే దిగిపోవాలె గద."

ధర అడిగితే బజారులో కంటే తక్కువే చెప్పాడు. సుందర్‌రాజుకు అనుమానపు చీమ మొదట కుట్టింది అక్కడే. ఎక్కువ చెప్పి ఉంటే బేరమాడి హాయిగా ఇంటికి పోయేవాడు. తక్కువ చెప్పేసరికి బానెట్ ఎత్తించాడు. ఇంజను మీది జిడ్డు గోటితో గీకి నంబరు చదివి, ఆర్‌సీ బుక్కుతో సరిచూశాడు. రెండూ ఒక్కటే అయినందుకు కొంచెం నిరాశపడ్డాడు కూడా. రేకు పొడుగునా అయస్కాంతం ఆనించుకుంటూ పోయాడు. పుట్టీ పెట్టి పూడ్చిన చోట అయితే అయస్కాంతం పట్టదు. ఇది అంతటా పట్టింది. కింద అట్టముక్క పరిచి అరగంట కూర్చున్నాడు, నూనె ఒక్క చుక్క పడలేదు. దావీదు ఓపికగా చాయ్ తెప్పించాడు.

"బేస్తవారం మళ్ళొస్త. అప్పుడు చెప్త" అన్నాడు సుందర్‌రాజు.

బేస్తవారం సాయంత్రం పోయి, పలకరించక ముందే బానెట్ మీద చెయ్యి పెట్టాడు. వేడిగా ఉంది. ఈ పాత డీజిల్ ఇంజన్ల మాయ ఆయన విని ఉన్నాడు. సత్తువ పోయిన ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఎంత గుంజినా లేవదు, అందుకే అమ్మేవాడు గిరాకీ రాకముందే ఓ చుట్టు తిప్పి వేడి చేసి పెడతాడు.

"ఎక్కడికన్న పోయొచ్చినవా?"

"ఆ, జెర పనుండి పోయిన."

"ఏం పని?"

"చిన్న పనే తమ్మీ" అని దావీదు ఇంకోవైపు చూశాడు.

సుందర్‌రాజు వంగాడు. ఎడమవైపు ముందు తలుపు కింద, బండి అడుగు చట్రం, అదే చాసీ, అంచున పచ్చి వెల్డింగు కనిపించింది. రెండు చోట్ల, అతుకులేసినట్టు వంచిన ఇనుపముక్కలు. దాని మీద పూసిన నల్లరంగు ఇంకా ఆరలేదు, వేలికి అంటింది. మొన్న లేదది.

"ఇదేందన్నా? ఈడ వెల్డింగు ఎందుకు పడ్డది?"

దావీదు ముసిముసిగా నవ్వాడు. "అదా? అది తర్వాత చెప్త. నువ్వైతే బండి సంగతి ఖాయం చెయ్యి."

ఖాయం చెయ్యమంటాడా! సుందర్‌రాజు వేలికంటిన నల్లరంగు రుమాలుకు తుడుచుకుని సైకిలెక్కాడు. ఆ రుమాలు ఇంట్లో జయశీల ముందు సాక్ష్యంలాగా పరిచాడు.

"దావీదన్న అసుంటోడు కాదు. ఆయన భార్య సుకుమారక్క చివరి రోజులల్ల మూడు నెలలు నేనే చూసుకున్న. ఆ మనిషి నాకు తెల్సు" అంది ఆమె.

"మనిషి సంగతి వేరు, బండి సంగతి వేరు. బండి అమ్మేటప్పుడు ఎవడైనా అబద్ధమాడుతడు" అన్నాడు ఆయన.

మర్నాడు పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో వెల్డింగు షెడ్డు నడిపే ఐలన్న దగ్గరికి పోయాడు. దావీదు బండికి యాక్సిడెంటు ఏమైనా అయిందా, చాసీ విరిగితే అతికించావా అని సూటిగా అడిగాడు. ఐలన్న కళ్ళద్దం పైకి లేపి నవ్వాడు. "నన్నడుగకు సార్. చెప్పొద్దని ఒట్టు వెట్టిచ్చుకున్నడు. ఆయన్నే అడుగు."

ఒట్టు! ఇంకేం కావాలి? ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చున్న నలుగురి ముందు సుందర్‌రాజు గొంతు తగ్గించకుండానే అన్నాడు. "ఎవరినో గుద్దిండు. చాసీ ఇరిగింది. అతుకేసి నాకు అంటగడ్తుండు. పైకి చూస్తే సంఘపెద్ద." ఆ నలుగురిలో ముగ్గురు సంగారెడ్డివాళ్ళే. పొద్దుగూకేలోగా ఆ మాట దావీదు గడప ఎక్కి ఉంటుందని ఆయనకు తట్టనే లేదు.

శనివారమంతా సుందర్‌రాజు నలిగిపోయాడు. బుధవారం ముంచుకొస్తోంది. కొనకపోతే జయశీల ఉద్యోగం పోతుంది. కొంటే, విరిగిన చాసీ నడిరోడ్డు మీద ఏ లారీ ముందో రెండు ముక్కలైతే? అప్పుడాయనకు ఒక కొలత దొరికింది. మర్నాడు నెలలో మొదటి ఆదివారం, చర్చిలో బల్ల ఇచ్చే రోజు. బల్లంటే ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం. మనసులో మలినం పెట్టుకుని దాన్ని ముట్టకూడదని చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. దావీదు అబద్ధమాడితే ఆడవచ్చు గానీ, ఆ అబద్ధంతో బల్ల ముట్టేంత ధైర్యం ఆయనకు లేదు.

"చూస్తుండు. రేపు దావీదు లేచి బల్ల తీసుకుంటే బండి మంచిది. తీసుకోకపోతే దొంగబండి" అన్నాడు భార్యతో.

"దేవుని బల్లను గూడ ఇన్‌స్పెక్షన్‌కు వాడుకుంటరా మీరు?" అంది జయశీల. ఆయన వినిపించుకోలేదు.

ఆదివారం అయ్యగారు పిలుపు చదివారు. సహోదరుని మీద మనసులో ఏదైనా ఉన్నవారు ముందు సమాధానపడి రావాలన్నారు. ఒక్కొక్క వరస లేచి ముందుకు పోయి మోకరిస్తోంది. మూడో వరసలో దావీదు పక్కనున్న వాళ్ళంతా లేచారు. దావీదు లేవలేదు. చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని, తల వంచుకుని, అట్లాగే కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన బల్ల మానడం ఎవరూ చూడలేదు. వెనక వరసలో గుసగుసలు మొదలయ్యాయి.

సుందర్‌రాజు గుండె తేలికపడింది. నిజం చెప్పాలంటే సంతోషం కలిగింది. వాల్వులో సన్నటి పగులు తన కంటికే దొరికినప్పుడు కలిగే సంతోషమే అది. తన వరస రాగానే లేచి, అంగీ సర్దుకుని, పోయి మోకరించాడు. రొట్టె తిన్నాడు, రసం తాగాడు, కళ్ళు మూసుకుని ప్రార్థన కూడా చేశాడు.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర, అందరూ చెప్పులు వేసుకుంటున్న చోట, దావీదును ఆపాడు.

"బండి నాకొద్దన్నా. ఇయ్యాల నువ్వు ఎందుకు లేవలేదో నాకు సమజైంది."

దావీదు వంగి చెప్పులు వేసుకున్నాడు. "మంచిది తమ్మీ" అని వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి జయశీల ఉద్యోగపు ఆర్డరును మడిచి ట్రంకుపెట్టె అడుగున, చలికాలపు దుప్పట్ల కింద పెట్టింది. ఏడవలేదు. "ఇగ ఇంట్లనే ఉంట" అని పొయ్యి దగ్గరికి పోయింది. సుందర్‌రాజుకు ఆ మాట గుచ్చుకుంది. అయినా ప్రాణాలు కాపాడానని సర్దిచెప్పుకున్నాడు.

సోమవారం సాయంత్రం సన్నగా వాన పడుతుంటే వాకిట్లో ఎవరో దగ్గారు. దావీదు. బండి మీద రాలేదు, నడిచి వచ్చాడు. చంకలో గోనె సంచిపట్టాలో చుట్టినదేదో ఉంది.

"బండేదన్నా?" అడిగింది జయశీల.

"పొద్దున అమ్మేసిన చెల్లె. హత్నూర నుంచి ఇటుకబట్టీలాయన వచ్చిండు. స్టార్ట్ చేసి చూసి తీస్కపోయిండు." ఆయన లోపలికి రాలేదు, అరుగు మీద కూర్చోలేదు. సుందర్‌రాజు ముందు నిలబడ్డాడు. "తమ్మీ, నేను నిన్ను మాఫీ అడుగనీకి వచ్చిన."

సుందర్‌రాజు దీనికే ఎదురుచూశాడు. ఒప్పుకుంటాడు, అనుకున్నాడు.

"శుక్రారం నాడు చాయ్ హోటల్ల నువ్వన్న మాట నాకు చేరింది. నేను మనిషిని గుద్ది దాసిపెట్టిన్నంటివట. నాకు శానా కోపమొచ్చింది. రెండు దినాలు ఆ కోపం దిగలే. నీ మీద గంత కోపం పెట్టుకొని బల్ల దగ్గరికి ఎట్ల వస్త? అందుకే లేవలే. కోపం నా తప్పే. నువ్వు మాఫ్ చేస్తె వచ్చే నెల తీస్కుంట."

సుందర్‌రాజు చూపు ఆ సంచిపట్టా చుట్ట మీదికి పోయింది.

"మరి ఆ వెల్డింగేందన్నా?" జయశీలే అడిగింది.

దావీదు సంచిపట్టా విప్పాడు. టేకు చెక్కతో చేసిన చిన్న బల్ల, నున్నగా చిత్రిక పట్టి ఉంది. కింద నాలుగు పొట్టి ఇనుప కాళ్ళు, జానెడు ఎత్తు. జారకుండా పైన సైకిలు టైరు ముక్క మేకులతో కొట్టి ఉంది. "నువ్వు బండెక్కనీకి చెల్లె. చర్చి మెట్ల కాడ నీ కాలెంత లేస్తదో చూసే చేసిన. బండి నడుస్తుంటే తలుపు కింద కొక్కేలకు తగిలియ్యాలె. ఆ కొక్కేల వెల్డింగే అది. బేస్తవారం ఐలన్న తాన పెట్టిచ్చుకొని అప్పుడే వచ్చిన. ముందే చూపిస్తే మొహమాటానికి కొంటరని చెప్పలే. బేరమైనంక ఇద్దామనుకున్న. ఇప్పుడు బండి పోయింది. ఇది నీ కోసం చేసింది, వేరేటోళ్ళకు ఎట్లిస్త?"

దాన్ని వాకిట్లో పెట్టి, వానలోనే వెళ్ళిపోయాడు.

జయశీల గోడ పట్టుకుని నిలబడి ఎడమ కాలు బల్ల మీద పెట్టింది. సరిగ్గా అందింది. ఒక్క అంగుళం ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఏడేళ్ళుగా కొలతలు తీసిన మనిషి పక్కనే నిలబడి చూశాడు. భార్య కాలు ఎంత లేస్తుందో ఆయనకు ఎప్పుడో తెలుసు. ఆ కొలతతో ఏదైనా చెయ్యాలని ఆయనకు తోచలేదు, అంతే.

ఆమె బల్ల మీదే నిలబడి, ఆయన కంటే కొంచెం ఎత్తు నుంచి అడిగింది.

"దావీదన్న మనసుల కోపం ఉందని లేవలే. మరి నిన్న మీరెట్ల లేచిన్రు?"

ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదు.

బుధవారం పొద్దున ఆయన కంపెనీ బస్సుకు పోలేదు. ట్రంకుపెట్టె అడుగు నుంచి ఆర్డరు తీసి జయశీల చేతికిచ్చాడు. చెప్పకుండానే బల్ల చంకన పెట్టుకున్నాడు. సంగారెడ్డి బస్టాండులో ఫ్యాక్టరీలకు పోయేవాళ్ళు, కూరగాయల గంపలవాళ్ళు, పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. ఇన్‌స్పెక్షన్ సారు చంకలో పీట చూసి ఇద్దరు నవ్వారు, ఒకడు పేరు పెట్టి పిలిచాడు కూడా. ఎర్ర బస్సు వచ్చింది. కండక్టరు "జల్దీ, జల్దీ" అని తలుపు బాదుతున్నాడు.

"జెర ఆగన్నా, ఆడమనిషి ఎక్కాలె" అని సుందర్‌రాజు అరిచి, ఇస్త్రీ ప్యాంటుతోనే బురదలో రెండు మోకాళ్ళూ ఆనించి, మెట్టు కింద బల్ల పెట్టి, కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. జయశీల ఆయన భుజం మీద చెయ్యి వేసి ఎక్కింది.