పెరుగన్నం తిన్నానమ్మా

నా తమ్ముడు తారక్ పెరుగు ముట్టడు. ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. పెళ్ళి భోజనాల్లో పక్కవాడికి పెరుగు వడ్డిస్తుంటే తన విస్తరి మడిచేసి లేచిపోయే రకం. అలాంటివాడు అమ్మకు మెసేజ్ పెట్టాడట, "పెరుగన్నం, మాగాయ తిన్నానమ్మా, పడుకుంటున్నా" అని. అమ్మ తెగ మురిసిపోయింది. కెనడా వెళ్ళాకైనా వాడికి పెరుగు విలువ తెలిసిందే వాసంతీ అని నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది. కాల్గరీలో మా ఆఫీసు పార్కింగులో, కార్లో కూర్చుని ఆ మాట విన్నాను. అది రాసింది వాడు కాదు.

అప్పటికి మూడు నెలలుగా నేను వాడి గొంతు వినలేదు. అన్నీ మెసేజ్‌లే. ఫోన్ చేస్తే ఎత్తడు, కాసేపయ్యాక "షిఫ్ట్‌లో ఉన్నా అక్కా" అని వస్తుంది. వీడియో కాల్ అంటే నెట్ బాగోలేదంటాడు. అనుమానం వచ్చి, ఓక్‌విల్‌లో వాడు అద్దెకున్న ఇంటి ఓనరు కోదండరామ్ గారికి ఫోన్ చేస్తే, వాంకూవర్‌లో జాబ్ వచ్చి వెళ్ళాడమ్మా, కుర్రాడు బిజీ అన్నారు. నాకు మనసు ఒప్పలేదు. తమ్ముడు కనబడటం లేదని పోలీసులకు రిపోర్ట్ ఇచ్చాను. అతను మెసేజ్‌లకు జవాబిస్తున్నాడా అని అడిగారు. ఇస్తున్నాడు, రోజూ అమ్మకు రాస్తున్నాడు అన్నాను. పెద్దవాడు, తల్లితో మాట్లాడుతూనే ఉన్నాడు, మీతో మాట్లాడటం ఇష్టం లేదేమో అని మర్యాదగా చెప్పి ఫైలు పక్కన పెట్టారు. వాళ్ళననడానికి ఏముంది? తల్లికి రోజూ ఏం తిన్నాడో చెప్పేవాడు తప్పిపోయాడని ఎవరు నమ్ముతారు?

పెరుగన్నం సంగతి విన్నాక ఇంకెవరికీ ఫోన్ చేయలేదు. మర్నాడు ఫ్లైట్ ఎక్కి టొరంటోలో దిగి, కారు అద్దెకు తీసుకుని తిన్నగా ఓక్‌విల్‌లో ఆయన ఇంటికి వెళ్ళాను.

కోదండరామ్ గారు మామూలు మనిషి కాదు. రిటైర్డ్ ఇంజనీరు, మా తెలుగు అసోసియేషన్‌కు మాజీ ప్రెసిడెంటు. స్టూడెంట్లు విమానాల నిండా దిగుతున్న ఆ ఏళ్ళలో, సూట్‌కేసులు పట్టుకుని ఎక్కడ పడుకోవాలో తెలియని పిల్లలకు తన బేస్‌మెంట్ తెరిచిన మనిషి. ఆ మాట కాదనను. ప్రతి ఫంక్షన్‌లోనూ మైకు పట్టుకుని, తెలియని నంబర్లు ఎత్తకండి, తెలియని లింకులు నొక్కకండి అని పావుగంట క్లాసు పీకుతారు. నేను కాల్గరీ వెళ్ళకముందు అక్కడే ఉండేదాన్ని, మేమంతా చప్పట్లు కొట్టేవాళ్ళం.

నేను వెళ్ళేసరికి సాయంత్రం, భోజనాల వేళ. వాళ్ళావిడ సరోజన ఆంటీ తలుపు తీసి, నన్ను చూడగానే లోపల ఆయన వైపు తిరిగారు. డైనింగ్ టేబుల్ దగ్గర ఆయన తింటున్నారు. కంచంలో పెరుగన్నం. పక్కన మాగాయ.

నాకు అంతా అర్థమైంది. అమ్మకు ఇన్నాళ్ళూ వచ్చిన ఉప్మాలూ, దోసకాయ పప్పులూ, నెయ్యి వేసుకున్న కందిపొడులూ అన్నీ ఈ ఇంట్లోవే. పాపం, అబద్ధం ఆడటం చేతకాక ఈయన తన కంచంలో ఉన్నదే రాశారు. ఆ పాపం అన్న మాట కూడా ఆయన మీద జాలితో అనడం లేదు.

"తారక్ ఫోన్ ఇవ్వండి" అన్నాను.

ఆయన చెయ్యి కడుక్కుని, పూజ గదిలోంచి ఫోన్ తెచ్చి నా ముందు పెట్టారు. కూర్చోమ్మా అన్నారు. నేను కూర్చోలేదు. నిలబడే విన్నాను.

తారక్ చేరింది ఊరూ పేరూ లేని ప్రైవేటు కాలేజీలో. గుంటూరు కన్సల్టెన్సీవాడు, చదువవగానే వర్క్ పర్మిట్ గ్యారంటీ అన్నాడు. ఇక్కడికొచ్చి డిప్లొమా అయ్యాక తెలిసింది, ఆ కాలేజీలో చదివితే పర్మిట్ రాదని. వాడిలాంటి వాళ్ళు ఎందరో. వాళ్ళలో ఒకడెవడో చెప్పాడట, కెనడా వీసా ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కర్లేదు, అక్కడినుంచి అమెరికా దాటించే మనిషి ఉన్నాడని. పాత ఫోన్ వెంట తేవద్దన్నాడట ఆ మనిషి. నా తమ్ముడు తన ఫోన్ ఈయన చేతిలో పెట్టి, ఒక్క వారం అమ్మకి బాగున్నానని పెడుతూ ఉండండి అంకుల్, అమెరికాలో దిగి నేనే చేస్తా అన్నాడట. ఈయన సరేనన్నారు. వారం అయిపోయింది. వాడి దగ్గర్నుంచి కబురు లేదు. ఈయన రాస్తూనే ఉన్నారు.

"బార్డర్‌లో పట్టుకుని డిటెన్షన్‌లో పెట్టుంటారనుకున్నా" అన్నారు. "ఇవాళో రేపో ఫోన్ చేస్తాడనుకున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే మీ అమ్మకి చెప్పేస్తావు. ఆవిడ తట్టుకోగలదా అమ్మా? ఒంటరి ఆడమనిషి. ఏమైనా అయితే ఎవరిది బాధ్యత?"

మా అమ్మ సీతాదేవి చిలకలూరిపేట డిపోలో కండక్టరు. తాగి ఎక్కినవాడిని కాలరు పట్టుకుని నడిరోడ్డు మీద దించేసిన మనిషి. నాన్న పోయినప్పుడు గవర్నమెంటు ఆసుపత్రిలో కాగితాల మీద తనే సంతకాలు పెట్టి, తనే ఇంటికి తెచ్చుకుంది. మమ్మల్నిద్దరినీ పట్టుకుని ఏడ్చి, కర్మకాండ అవగానే డ్యూటీకి వెళ్ళింది. ఆవిడ తట్టుకోలేదని ఈయనకెవరు చెప్పారు? ఇన్నేళ్ళ నుంచీ మనవాళ్ళందరిదీ ఇదే తంతు. ఎవరికైనా జబ్బు చేస్తే అమ్మకి చెప్పొద్దు, ఉద్యోగం పోతే అమ్మకి చెప్పొద్దు, మనిషే కనబడకపోతే అమ్మకి అసలే చెప్పొద్దు. ప్రేమ అంటారు దీనికి. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఫోన్ తెరిచాను. వాడి వాట్సాప్‌లో అమ్మ మెసేజ్‌లు, నావి, వీటన్నిటి కిందెక్కడో ఒక తెలియని నంబరు. ఫొటో ఒకటి, వాయిస్ మెసేజ్ ఒకటి. రెండూ తెరవలేదు. నంబర్ బ్లాక్ అయివుంది.

"ఇదేమిటి?"

"అది స్కామ్ అమ్మా" అన్నారు కోదండరామ్ గారు. "మెక్సికో కోడ్. ఫొటో నొక్కితే ఫోన్ హ్యాక్ అవుతుంది. వెంటనే బ్లాక్ చేశా."

నా తమ్ముడు వెళ్ళింది మెక్సికో. కబురు కోసం ఎదురుచూస్తున్నానంటున్న పెద్దమనిషి, మెక్సికో నుంచి వచ్చిన నంబరును బ్లాక్ చేశాడు. ఆ మాట ఆయనకు నేను విడమరిచి చెప్పలేదు. నా మొహం చూసి ఆయనకే తట్టింది.

ఫొటో నొక్కాను. నవారు మంచం లాంటి దాని మీద తారక్, తలకు గుడ్డ కట్టు. పక్కన మా అమ్మ ఈడు ఆడమనిషి, చేతిలో గిన్నె. వాయిస్ నొక్కాను. ముందు ఆవిడ ఏదో స్పానిష్‌లో చెప్పింది. తర్వాత వాడి గొంతు.

"అంకుల్, నేను తారక్‌ని. నాకు నా నంబరొక్కటే నోటికొచ్చు, అందుకే దీనికి పెడుతున్నా. మా బస్సు ఆపి గన్‌లు పెట్టి అందర్నీ దించేశారు. ఒక ఇంట్లో పడేశారు. నేను తప్పించుకున్నా. ఈ ఆంటీ దాచింది. వాళ్ళు వెతుకుతున్నారు, ఇక్కడ ఎక్కువ రోజులు ఉండలేను. అక్కకి చెప్పండి, ఎవరినైనా పంపమనండి. తొందరగా, అంకుల్. అమ్మకి మాత్రం చెప్పొద్దు."

సరోజన ఆంటీ నోట్లో కొంగు కుక్కుకున్నారు. నేను ఏడవలేదు. ఏడిస్తే ఆయన నన్ను ఓదారుస్తారు. ఆ అవకాశం ఆయనకు ఇవ్వదలచుకోలేదు.

బ్లాక్ తీసేసి ఆ నంబరుకు కాల్ చేశాను. నా ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ పెట్టుకుని మాట్లాడాను. ఆవిడ పేరు రోసాల్బా. ఆవిడ కొడుకూ అదే రోడ్డు మీద మాయమయ్యాడు. కార్టెల్ అనే డ్రగ్స్ ముఠా వాళ్ళు ఎత్తుకుపోయారని ఊరంతటికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. తనలాంటి తల్లులతో కలిసి పారలు పట్టుకుని, పాడుబడ్డ ఇళ్ళూ పొలాలూ తవ్వుకుంటూ వెతుకుతోంది. అలా తిరుగుతుంటేనే ఓ పొద కింద మా తారక్ దొరికాడు. వాడిని ఇంట్లో పెట్టుకుని రోజూ ఈ నంబరుకు మెసేజ్ పెట్టిందట. ఆ మొదటి రెండు తప్ప ఒక్కటీ చేరలేదు. చివరికి వాడే, నావల్ల నీకు ప్రమాదం అని ఆవిడకు సైగలతో చెప్పి, తెల్లారగట్ల బస్టాండుకు వెళ్ళాడు. ఆ బస్సు చేరాల్సిన ఊరు చేరింది. అందులో వాడు లేడు.

"వాడి ఫొటో నా కొడుకు ఫొటో పక్కన చొక్కాకు కుట్టుకుని తిరుగుతున్నాను" అందావిడ. "వాడికి ఎవరూ లేరనుకున్నాను."

ఎవరూ లేరనుకుంది. తల్లి ఉండి, అక్క ఉండి, కష్టపడి కట్టుకున్న అసోసియేషన్ ఉండి, ఎవరూ లేనివాడయ్యాడు నా తమ్ముడు. నాకు కళ్ళు కనబడనంత కోపం వచ్చింది. రేపు పొద్దున ఆ ఫొటో, ఆ గొంతు పట్టుకుని పోలీసుల దగ్గరకు వెళ్తాను, ఆ తర్వాత ఆవిడ ఊరికి వెళ్తాను. కానీ దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఇండియా నంబర్ కలిపాను.

"ఇప్పుడా?" అన్నారు సరోజన ఆంటీ. "అక్కడ తెల్లారుతోంది. పరగడుపున చెప్పకమ్మా, కాస్త టిఫినైనా తిననీ."

నేను స్పీకర్ ఆన్ చేసి టేబుల్ మీద పెట్టాను. అమ్మ మొదటి బస్సుకు బయల్దేరుతోంది. వెనక డిపోలో ఇంజన్ల చప్పుడు. ఒక్కటీ దాచకుండా, మెత్తగా మార్చకుండా, జరిగింది జరిగినట్టు చెప్పాను. అమ్మకి మాత్రం చెప్పొద్దు అని వాడన్నది కూడా చెప్పాను. కోదండరామ్ గారు కళ్ళు మూసుకుని, చేతులు గట్టిగా కట్టుకుని కూర్చున్నారు.

అమ్మ పడిపోలేదు. ఆ ఊరి పేరు అడిగింది. రెండుసార్లు పలికించుకుంది.

"ఆవిడ నంబర్ నాకు పంపు" అంది. "భాష సంగతి నేను చూసుకుంటా. ఆవిడ తవ్వుతోంది కదా, నేనూ వస్తానని చెప్పు."

సరేనన్నాను. అమ్మ గొంతు అప్పుడు మారింది.

"వాసంతీ, ఫోన్ వాడి దగ్గర లేదంటున్నావు. మరి ఇన్నాళ్ళూ చెవులకి గుడ్డ కట్టుకో, మడమలకి నూనె రాసుకో, నాన్నా అని నేను చెప్పింది ఎవరికే?"

ఫోన్‌ని కంచం పక్కనుంచి కోదండరామ్ గారి ముందుకు జరిపాను.

"ఎదురుగానే ఉన్నారమ్మా" అన్నాను. "ఆయన్నే అడుగు."