ఆరు కోర్ల పెట్టె

మార్చి తొమ్మిది ఆమెకు బాగా గుర్తు. ఆ పొద్దున రెండు అరటిపళ్లు, ఒక ఉడికిన గుడ్డు తిని, పెన్‌డ్రైవ్ చేతిసంచిలో వేసుకుని కంప్యూటర్ల కొట్టుకు బయలుదేరింది. వెంట అన్నయ్య.

మిషన్ ఎంబ్రాయిడరీకి డిజైన్లు గీయడం ఆమె పని. పువ్వు గీస్తే చాలు, ఏ కుట్టు ఎక్కడ పడాలో సాఫ్ట్‌వేర్ లెక్క కడుతుంది. అందుకు పదకొండు నిమిషాలు. ఒక్క రేకు సవరించినా మళ్లీ పదకొండు. "లెక్కలు కట్టే కోర్లు లోపల పదహారు ఉన్నాయే, ఏనుగనుకో!" అంటూ నిరుడు ఆ కంప్యూటర్ తెచ్చిపెట్టింది అన్నయ్యే. పని సాగకపోతే మాత్రం తప్పు చెల్లెలిదైంది. ఇప్పుడేమో ఒక హోటల్ వాళ్లు ఒక్క రోజులో ఆరు నమూనాలు చూపిస్తే పరదాల ఆర్డరు నీదేనన్నారు.

"ఈసారీ కుదరలేదనుకో, ఇదంతా కట్టిపెట్టి నా ఆఫీసులో కూర్చో," అని దారి పొడుగునా అన్నయ్య ఒకటే పాట.

కొట్టు యజమాని తన దగ్గరున్న మూడు కంప్యూటర్లలో అన్నిటికన్నా పెద్ద పెట్టె ముందుకు జరిపాడు. "ఇరవై నాలుగు కోర్లు మేడమ్. దీన్ని మించింది లేదు."

"మించింది ఎవరడిగారండీ? నా డిజైను ఈ మూడింటి మీదా నడిపి చూపించండి. సాఫ్ట్‌వేర్ ట్రయల్ కాపీ కూడా తెచ్చాను."

"పుచ్చకాయా మేడమ్, కోసి చూపించడానికి?"

"పుచ్చకాయ బాగోకపోతే పారేస్తాను. దీంతో నేను బతకాలి."

అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. "పరువు తీయకే. పద."

"నీ పరువును తీసుకెళ్లి కారులో కూర్చోబెట్టు అన్నయ్యా. నేను మాత్రం కదలను."

వెనకగది మెకానిక్ స్టూలు తెచ్చి ఆమెకు వేసి, పెన్‌డ్రైవ్ అందుకున్నాడు. ఆమె బట్టల మీద గీతలు గీసే సుద్దతో ఒక ఖాళీ అట్టపెట్టె మీద లెక్క రాసింది. ఇరవై నాలుగు కోర్లది: ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు. ఎనిమిది కోర్లది: ఏడున్నర. కింది అరలో దుమ్ము పట్టిన ఆరు కోర్లది: అయిదు నిమిషాల పది సెకన్లు.

"అదెట్లా?" అన్నాడు అన్నయ్య.

"ముందు కుట్టు ఎక్కడ ఆగిందో తేలితేనే తర్వాతి కుట్టు. ఒక్క సూదికి ఇరవై నాలుగు మంది దారం ఎక్కిస్తారా? ఎక్కించే ఆ ఒక్కడూ చురుగ్గా ఉండాలి. దీనిలో ఒక్కో కోరూ అలాంటిదే."

మెకానిక్ తల వంచుకుని నవ్వుకున్నాడు. యజమాని నవ్వలేదు. ఆమె ఆరు కోర్లదే తీసుకుంది.

మర్నాడు చీకటి పడేసరికి ఆమె గదిలో తీగ మీద ఆరు నమూనాలు వేలాడుతున్నాయి. ఫొటోలు పంపితే హోటల్ నుంచి ఆర్డరు ఖాయమని కబురూ వచ్చింది. అన్నయ్య గుమ్మంలో నిలబడి వేలితో లెక్కపెట్టాడు.

"ఆరూ అయ్యాయిగా. ఇంకా ఏంటి?"

"ఏడోది. వాళ్లు అడగలేదు. నాకే చెయ్యాలనిపించింది."

"మరి నా ఆఫీసులో కుర్చీ..."

"అది కూడా నీ పరువుకే ఇచ్చెయ్."

నవ్వు ఆపుకోలేక అతను మొహం తిప్పుకున్నాడు. లోపల మిషన్ సూది టకటకలాడుతోంది. ఆమె తల ఎత్తలేదు. మంచినీళ్ల సీసా ఆమె చేతికందేలా బల్ల మీద పెట్టి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు.