ఇల్జె నాట్యానికి నాలుగు నిమిషాలు

లాట్వియా నుంచి వచ్చిన ఇల్జె తొమ్మిదేళ్లుగా అమీర్‌పేటలో సుకన్య టీచర్ దగ్గర కూచిపూడి నేర్చుకుంటోంది. ఇన్నేళ్లలో ఆమెకు నలభై ఆరు శాలువాలు వచ్చాయి. ఆమె నాట్యం పూర్తిగా చూసింది మాత్రం టీచర్ ఒక్కరే.

ప్రతి సభలోనూ వరస ఒకటే. ఇల్జె చేత దీపం వెలిగించేవారు. "రష్యా అమ్మాయి మన కళ కోసం ఇంత దూరం వచ్చింది, మన పిల్లలేమో ఫోన్లు వదలరు" అని ముగ్గురు పెద్దలు మందలించేవారు. ఆ మందలింపులు అయ్యేసరికి హాలు ఖాళీ చేసే వేళయ్యేది. రష్యా కాదండీ అని ఆమె చెబితే, తర్వాతి సభలో జర్మనీ అయ్యేది.

పంజాగుట్టలో ఒక కళాసమితి కార్యదర్శి హనుమత్ప్రసాద్‌కు ఇంకో చిక్కు వచ్చిపడింది.

"మేడం, మీ తెలుగు మరీ బాగుందండి. కాస్త తప్పులు మాట్లాడండి, జనానికి అదే ఇష్టం" అన్నాడు వేదిక వెనక.

"ఎన్ని తప్పులు కావాలె సార్?" అంది ఇల్జె. ఆమెకు వచ్చింది అమీర్‌పేట తెలుగు.

ఆ సాయంత్రం ఆమెకు ఏకంగా ఇరవై నిమిషాలు దక్కాయి. మొగుడి మీద అలిగిన నాయిక అభినయం. నాలుగో నిమిషంలో పాట ఉన్న పెన్‌డ్రైవ్ మొరాయించింది. అరచెయ్యి చెంపకు ఆనించి, ముఖం పక్కకు తిప్పుకుని ఇల్జె అలాగే నిలబడిపోయింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

"ఇంకా కాలేదండీ!" అంది.

ఆ తెలుగు విని చప్పట్లు రెట్టింపయ్యాయి. హనుమత్ప్రసాద్ పరుగున వచ్చి నలభై ఏడో శాలువా కప్పేశాడు.

మర్నాడు ఆమె ఇంటి కింద కర్రీ పాయింట్ నడిపే భూలక్ష్మి, పప్పు ప్యాక్ చేస్తూ ఆగింది. ఆమె కూడా సభకు వచ్చిందని ఇల్జెకు తెలియదు.

"ఏందమ్మా, నడుమలనే బంద్ జేసినవ్? గామె అలక తీరిందా లేదా? నాకు గదే ఫికర్."

ఇల్జెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూస్తవా అక్కా?"

మధ్యాహ్నం బేరం తగ్గాక మేడ మీద, నీళ్ల ట్యాంకు నీడలో ఇరవై నిమిషాలూ ఆడింది. పాట తనే పాడుకుంది. భూలక్ష్మి కదలకుండా చూసింది.

"మస్తుగుంది గనీ, ఆఖర్ల జర తొందరపడ్డవ్. మొగడు రాంగనే నవ్వుతరా? నేనైతే రెండు దినాలు మాట సుత మాట్లాడ."

ప్రేక్షకుల నుంచి ఇల్జెకు అందిన మొదటి విమర్శ అది. పొంగిపోయి టీచర్ దగ్గరికి పరిగెత్తింది.

"ఆరేళ్లుగా నేను మొత్తుకుంటోంది అదేగా! ఇప్పుడు కొత్తేంటి?" అంది సుకన్య, చివరి భాగం మళ్లీ మొదలుపెట్టిస్తూ.

హనుమత్ప్రసాద్ మళ్లీ ఫోన్ చేసినప్పుడు, ఉపన్యాసాలు లేకపోతేనే వస్తానంది ఇల్జె.

"ఉపన్యాసాలు లేని సభేంటి మేడం!" అని ఆయన నొచ్చుకున్నాడు.

నెల తిరక్కుండానే ఆయనకు ఆరు నెలల అభ్యాసమున్న అర్జెంటీనా అమ్మాయి దొరికింది. ఆమెకు తెలుగులో నమస్కారం ఒక్కటే వచ్చు, అదీ తప్పుగా. ఆ ఒక్క ముక్కకే హాలు లేచి నిలబడిందని పేపర్లో వచ్చింది. ఇల్జె ఆ పేపరు చూడలేదు. నాయిక పెదవి మీద నవ్వు ఎప్పుడు మొదలవ్వాలో టీచర్‌తో వాదిస్తోంది.